కొండకు పెట్టిన పుట్టింటి పేరు

దురుగోల్,
అక్టోబరు 1977.

అమ్మకు వంగి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అత్తయ్య, పిల్ల గుమ్‌సిల్, నేను బాగానే ఉన్నాం. ఆ మాట ముందే రాయకపోతే మిగతా ఉత్తరం చదవకుండానే బస్సెక్కి వచ్చేస్తావని రాసేశాను. నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారని, ఈ చలికి నీ మోకాళ్లు మరీ మొరాయించడం లేదని తలుస్తాను.

నువ్వు పంపిన ఎండు చేపల కట్ట అందింది. బస్సు ఇప్పుడు మా మలుపు దాకా రావడం లేదు, కంపెనీ లారీ అతను తెచ్చి ఇచ్చాడు. లెక్కలో రెండు తక్కువుంటే ఆ పాపం అతనిది. అత్తయ్య వాసన చూసి, "మీ అమ్మ ఈ ఏడు ఉప్పు దిట్టంగా వేసింది" అని పెదవి విరిచింది. విరిచిన పెదవితోనే మూడు తినేసింది. కట్టలో పెట్టిన సముద్రపు నాచు మాత్రం గుమ్‌సిల్ పుట్టినరోజు పులుసుకని దాచాను.

గుమ్‌సిల్ దగ్గు గురించి అడిగావు. తగ్గలేదు. తగ్గడానికి గాలి ఉండాలి కదా. కంపెనీ వాళ్లు మూడు వైపులా కొండ పేలుస్తున్నారు, తెల్ల దుమ్ము మా కప్పు మీదే దిగుతుంది. పెరట్లో పర్సిమన్ పండ్లు పండకముందే ముసలివాళ్ల తలల్లా నెరిశాయి. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి. ఊళ్లో బడి మూసేశాక పిల్ల కొండ దిగి వాగు దాటి వెళుతోంది, వచ్చేసరికి దాని కనురెప్పల మీద కూడా సున్నమే. ఆయన బొగ్గు గనిలో పోయినప్పుడు నల్ల దుమ్మును తిట్టుకున్నాను. తెల్ల దుమ్మూ మనిషిని తినేదేనని అప్పుడు తెలియదు.

మీ పక్కన వలలు అల్లే తాత ఇల్లు ఖాళీ అయిందని, ఏడాదిలో పొడుగు రాత్రి పండగ దాకా మాకోసం ఆపుతాడని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతావు. ఎర్ర జెండాల సంగతీ రాశావు. దానికి జవాబు చివర రాస్తాను.

"చుట్టూ కొండంతా కొన్న కంపెనీకి మీ ముక్క చేదా?" అని అడిగావు. చేదు కాదమ్మా. రేపు రమ్మంటే ఇవాళే వస్తారు. అమ్మనివ్వనిది ప్రభుత్వం, అమ్మితే గానీ తాత ఇంటికి కట్టే డబ్బు లేదు. మా ఇంటి వెనక గోడలా నిలబడ్డ రాయి నువ్వు పెళ్లినాడు చూశావు. దాని మీద పసుపు రంగు గీత, పక్కన బోర్డు ఉన్నాయి, గుర్తుందా? 'హన్సిల్ సున్నపురాయి, మూల స్థలం. రాయి కొట్టరాదు, కట్టడం లేపరాదు, భూమి చేతులు మారరాదు.' దేశంలో ఎక్కడ ఆ రకం రాయి దొరికినా, అదేనా కాదా అని ఇక్కడికొచ్చి పోల్చి చూసుకోవాలట. కాబట్టి ఈ రాయి ఎప్పటికీ ఇలాగే ఉండాలి. ఆ బోర్డు లోపల ఉన్నందుకు మేమూ ఇలాగే ఉండాలి. కప్పు మార్చడానికి కూడా అనుమతి రాలేదు. మంచు కరిగే రోజుల్లో పైనుంచి రాళ్లు దొర్లుతాయి, ఊరికే చూస్తూ కూర్చోవాలి. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అది మేమే. ముందు నుయ్యి వెనక గొయ్యి అని జనం వాపోతారు. మాకు వెనక రాయి, మిగతా మూడు వైపులా గొయ్యి.

ఇంతకాలం ఇది మారేది కాదనుకుని నీకు వివరంగా రాయలేదు. దుంపలు తవ్వే రోజుల్లో సియోల్ నుంచి మేంగ్ అనే ప్రొఫెసరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, గాడిదలా బరువు మోస్తాడు, చిన్నపిల్లాడిలా రాయి నాకుతాడు. దేశంలో రాళ్ల పేర్లన్నీ సరిచూసి పుస్తకం వేస్తున్నారట, మా రాయి ఆయన వంతుకు వచ్చింది. ముందుగదిలో చోటిచ్చాం. వాకిట్లోకి వచ్చీ రాగానే, "హన్సిల్ అంటే ఎక్కడమ్మా?" అని అడిగాడు.

"మీరు నిలబడ్డదే. కాస్త జరగండి, మిరపకాయలు తొక్కుతున్నారు" అంది అత్తయ్య.

నేను తల తిప్పి ఆవిడను చూశాను. హన్సిల్ అత్తయ్య పుట్టిల్లని నీకూ తెలుసు, దేశాన్ని రెండుగా చీల్చిన గీతకు అవతల పడిపోయిన ఊరు. కొత్త కోడలిగా బోర్డు చూసినప్పుడు, కొండ పేరూ ఆవిడ ఊరి పేరూ కలిశాయి కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఇంట్లో ఆ మాట ఎత్తితే ఆవిడ ముఖం మాడేది, అందుకని ఎత్తలేదు.

అన్నం దగ్గర ప్రొఫెసరు ఆ పేరు కథ చెప్పాడు. వింటుంటే అన్నదమ్ముల పంపకాల్లా ఉంది. జపాను వాళ్ల ఏలుబడిలో ఒక సర్వే ఆయన వచ్చి ఈ రాయికి హన్సిల్ అని పేరు పెట్టి వెళ్లాడట. దేశం మన చేతికొచ్చాక ఒకాయన దీన్ని రెండుగా చీల్చి పైదానికొక పేరు, కిందిదానికొక పేరు పెట్టాడు. ఇంకొకాయన వచ్చి రెండింట్లోనూ అవే చచ్చిన పురుగుల అచ్చులు ఉన్నాయని తిరిగి కలిపాడు. పక్క జిల్లాలో దుమున్ సున్నపురాయి అని ఉంది. అదీ ఇదీ ఒకటేనని మరొకాయన తేల్చాడు. ఒకటే అయితే ముందు పుట్టిన పేరే చెల్లాలట, అందుకని దుమున్ కూడా హన్సిల్ కిందికి వచ్చేసింది. అలా ఆ పేరు మూడు జిల్లాలు పాకింది. తీరా హన్సిల్ ఎక్కడని పటాలు వెతికితే మన వైపు ఎక్కడా లేదు. గీతకు అవతల ఒకటి ఉందట కానీ అక్కడున్నదంతా నల్లరాయి, సున్నం పలుకు కూడా లేదట.

"రాయి కనపడే చోటి పేరే రాయికి పెట్టాలన్నది నియమం" అన్నాడాయన. "ఈ చోటికి ఆ పేరు లేదని తేలితే కొట్టేస్తాను. ఇక్కడే వాడుకలో ఉన్న ఇంకో పేరు దొరికితే సరే. దొరక్కపోతే దీన్ని దుమున్‌లో కలిపేస్తాను. మూల స్థలం అక్కడికి పోతుంది. ఈ బోర్డు పీకేస్తారు."

"మా ఊరి పేరు దురుగోల్ ఉంది కదండీ?" అని అడిగాను, ఔనంటాడేమోనని భయపడుతూ.

"దాన్ని ఎప్పుడో ఒక బొగ్గు పొరకు వాడేశారమ్మా. ఒక పేరు రెండు రాళ్లకు పనికిరాదు."

అంటే మేం బయటపడొచ్చు. వలల తాత ఇల్లు, నువ్వు, సముద్రం. అత్తయ్య మాత్రం ఆయన గిన్నెలో ఇంకో కుడుము వేసి, "నేను కాపురానికి వచ్చిననాడే ఇది హన్సిల్. తినండి, చల్లారిపోతోంది" అంది.

ఆయన కొండ మీదికి వెళ్లాక అత్తయ్యతో పోట్లాడాను. పద్నాలుగేళ్లలో మొదటిసారి గొంతు లేచింది.

"మీ పుట్టిల్లు హన్సిల్ అయితే ఈ కొండ హన్సిల్ ఎలా అయిందత్తయ్యా?"

"ముల్లంగి సన్నగా కొయ్యి. లావుగా కోస్తే ఎండదు."

"పిల్ల దగ్గు మీకు వినపడటం లేదా?"

"వినపడుతోంది. చెవులింకా ఉన్నాయి."

"మరైతే?"

"నీకు సముద్రం ఉంది, పోతానంటావు. నేనెక్కడికి పోవాలే? మీ అమ్మ చేపల మధ్య నన్నూ ఆరేస్తావా?"

ఆ మాటకు నవ్వొచ్చింది, ఆపైన ఏడుపొచ్చింది. కత్తి అక్కడ పడేసి వెళ్లి జాడీలు కడిగాను. అత్త మీది కోపం దుత్త మీద అంటారు కదా, ఆ రోజు మా దుత్తలన్నీ మెరిశాయి.

ఆ జాడీల దగ్గరే సంగతి తేలింది. నాలుగు రోజులకు కంపెనీ వాళ్లు ఎప్పటిలాగే మధ్యాహ్నం పేల్చారు. గుమ్‌సిల్ బడి నుంచి వచ్చి సోయా జాడీ మీది మూత తీసి వేలు ముంచుతోంది, దొంగముండ. అత్తయ్య చూసి "ఏయ్" అని అరిచింది. అది వంటింట్లోకి పరుగు తీసింది. వెంటనే పైనుంచి దుంపల బుట్టంత రాయి దొర్లి ఆ జాడీ మీద పడింది. నల్లటి సోయా రసం వాకిలంతా పారింది. అది అత్తయ్య పెళ్లినాటి జాడీ. ఆవిడ పెంకులు ఏరలేదు, తిట్టలేదు, అరుగు మీద కూర్చుని పిల్ల నెత్తిని అరచేత్తో నొక్కి పట్టుకుని ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే కర్ర పుచ్చుకుని కొండెక్కింది. మోకాళ్లని చెప్పి రెండేళ్లుగా జాడీల గట్టు కూడా ఎక్కని మనిషి. నేను ప్రొఫెసరుకు అన్నం మూట తీసుకుని వెనకే వెళ్లాను.

"బాబూ, ఆ కొలతలు ఆపు. ఇది హన్సిల్ కాదు."

"మొన్న అవునన్నారు కదండీ?"

"మొన్న అబద్ధం చెప్పా. హన్సిల్ నేను."

ఆయనకు అర్థం కాలేదు. నీకు అర్థమవుతుంది. ఆడదానికి అత్తింట్లో పేరుండదు, పుట్టిన ఊరికి 'దేక్' తగిలిస్తే అదే పేరు. నువ్వు చోంగామ్ వదిలి నలభై ఏళ్లయినా మొరెబుల్లో అందరికీ చోంగామ్‌దేక్‌వే. ఇక్కడ నేను మొరెబుల్‌దేక్‌ని, ఆవిడ హన్సిల్‌దేక్. ఆవిడ రాయికి ఆనుకుని ఆయనకు చెప్పింది ఇదీ.

"నాకు పదిహేడేళ్లు. కాపురానికొచ్చి మూడు నెల్లు కాలేదు. కాళ్లకు తోలు పట్టీలు చుట్టుకున్న సర్వే ఆయన వచ్చి, వచ్చీ రాని మాటలతో 'ఇది ఏది, ఇది ఏది' అని కొండకేసీ ఇంటికేసీ కలిపి చెయ్యి ఊపాడు. మా పినత్తగారు వాగులో కేబేజీ కడుగుతోంది. కొత్త కోడలు వచ్చిందన్న మురిపెం కదా, 'మా హన్సిల్‌దేక్ వాళ్లది' అంది. ఆయన పెన్సిలు నాకి రాసుకుని పోయాడు. పినత్తగారు నవ్వి నవ్వి వాగులో పడబోయింది, కోడలింకా వంట కూడా నేర్వలేదు, కొండ దాని పేరైపోయిందే అని."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

"మొదట్లో సిగ్గు. తర్వాత మా ఊరు అటు పడిపోయింది. అమ్మా నాన్నా ఉన్నారో పోయారో కబురు లేదు. ఈ ఊళ్లో నన్ను హన్సిల్‌దేక్ అని పిలిచేవాళ్లు ఒక్కొక్కరే పోయారు, ఉన్నవాళ్లు కొండ అమ్ముకుని వెళ్లారు. నాలుగైదేళ్లకోసారి నీలాంటాయన సుత్తి పట్టుకొచ్చి, 'హన్సిల్ ఇదేనా అవ్వా' అని అడిగేవాడు. ఆ పేరు ఇంకో మనిషి నోట వినాలంటే నాకు అదే దిక్కు బాబూ." కర్రతో కింద మా కప్పును చూపించింది. "నిన్న జాడీ మీద పడింది. రేపు పిల్ల మీద పడుతుంది. కొట్టెయ్ ఆ పేరు."

ఆయన టోపీ తీసి ఆవిడకు వంగి నమస్కారం పెట్టాడు. నేను అన్నం మూట పట్టుకుని నిలబడి ఏడ్చాను. కొండ దిగుతుంటే అత్తయ్య నా భుజం పట్టుకుని, "మీ ఊళ్లో చేపల కంపు ఎక్కువా?" అని అడిగింది. "అలవాటైపోతుందత్తయ్యా" అన్నాను.

ఆ వారం నేను నేల మీద నడవలేదమ్మా. ఇక్కడ ఇంకో పేరు దొరకదని నాకు ఖాయం. పేరు పెట్టి పిలవడానికి మనుషులుంటే కదా! పాత దుప్పట్లు విప్పి ఉతికాను. గుమ్‌సిల్‌కు ఈత నేర్పించాలని తమ్ముడికి రాయబోయాను. మిగిలిన జాడీల్లో ఏది లారీలో పగలకుండా వస్తుందో తట్టి తట్టి చూసుకున్నాను.

వెళ్లే ముందు రోజు ప్రొఫెసరు వాగు అవతల నుంచే చెయ్యి ఊపుతూ వచ్చాడు.

"గుమ్‌సిల్ అమ్మగారూ, పేరు దొరికింది! మీరు చెప్పలేదేం? ఈ మలుపును అందరూ మొరెబుల్ అంటున్నారు. లారీల వాళ్లను అడిగాను, లారీల తూకం దగ్గర కాపలా అతన్ని అడిగాను, పోస్టుమాన్‌ను అడిగాను. లారీలు ఆపే అడ్డకర్ర మీద రంగుతో రాసి కూడా ఉంది."

కిందటి చలికాలం నుంచి లారీల వాళ్లకు కుడుములు వండి అమ్ముతున్నానని రాశాను కదా. వాళ్లు ఎక్కడెక్కడి దక్షిణాది జిల్లాల నుంచో వచ్చినవాళ్లు. మొదట వచ్చినవాళ్లు 'మొరెబుల్‌దేక్ దగ్గర ఆపు' అనేవారు. తర్వాతి వాళ్లకు అది 'మొరెబుల్లో ఆపు' అయింది. ఇప్పుడు వచ్చేవాళ్లకు అది మలుపు పేరే. ప్రొఫెసరు నన్ను ఎప్పుడూ గుమ్‌సిల్ అమ్మగారనే పిలిచాడు, అత్తయ్యేమో నన్ను 'ఏమే' అంటుంది. ఆయనకు ఎలా తెలుస్తుంది? మొరెబుల్ అంటే ఇసుక ఒడ్డు కదా, కొండల మధ్య ఆ పేరేమిటని కాస్త ఆలోచించాడు కూడా. అంతలోనే ముఖం వెలిగిపోయింది. "ఈ రాయంతా ఒకప్పుడు సముద్రం అడుగే కదమ్మా! ఎంత అమరింది! మొరెబుల్ సున్నపురాయి. మూల స్థలం ఇదే ఉంటుంది."

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. నా వైపు చూసింది. ఒక్క మాట చాలు. 'అది నా పుట్టిల్లండీ' అంటే ఆయన నాలుక కరుచుకుని, ఆ పేరు కొట్టేసి, రాయిని దుమున్‌లో కలిపేసి వెళ్లిపోతాడు. ఇప్పుడు నీకు చెప్పాలి. ఇన్ని పేజీలు ఇందుకే తిప్పాను.

నేను నోరు విప్పలేదమ్మా. "ఇంకో రెండు కుడుములు వేయమంటారా?" అని అడిగాను. అత్తయ్య మాట్లాడబోతే కొంగు పట్టుకుని లాగాను. మర్నాడు ఆయన వెళ్లిపోయాడు. మొదటి మంచు పడకముందే కొత్త బోర్డు తీసుకుని మళ్లీ వస్తాడు. అప్పటిదాకా కాగితం మీద పెట్టిన పేరే, ఇంకా అచ్చుకు పోలేదు.

ఎందుకని నన్ను నేనే తిట్టుకుంటూ అడుగుతున్నాను. నువ్వు ఆఖర్న, చేపలకు ఉప్పెంత వేశావో చెప్పినట్టు, మామూలుగా ఒక్క వాక్యం రాశావు: 'కరెంటు ఫ్యాక్టరీకని ఒడ్డు పొడవునా ఎర్ర జెండాలు పాతారు, ఊరు లేపడానికి ఇంకా రెండేళ్లు పడుతుందట, నువ్వేం దిగులు పడకు.' నేను దిగులు పడ్డాను. ఆయన మొరెబుల్ అనగానే నాకు ఆ జెండాలు కనిపించాయి. నువ్వు చేపలు ఆరేసే దడులు, నేను కాలు కోసుకున్న ఆల్చిప్పల రేవు, నాన్న పడవ తిరిగిరాని ఒడ్డు, అన్నిటి మీదా సిమెంటు పోస్తారు. బహుశా ఈ కొండ సిమెంటే. ఊరు పోయాక ఆ పేరు ఎక్కడైనా ఒకచోట, ఎంత తప్పుగానైనా సరే, ఉండాలనిపించింది. ఆ ఒక్క క్షణంలో పిల్ల దగ్గు కూడా గుర్తు రాలేదు. నాకు తాళం వేసిన బోర్డును నా చేత్తోనే మళ్లీ పాతుకున్నాను.

అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పెంకులు పారబోస్తూ నిలదీసింది.

"నీకోసం నేను నా ఊరు పారేసుకున్నానే. నువ్వు చేసిందేంటి?"

"మా ఊరు పోతోందత్తయ్యా."

"పోతే పోతుంది. ఇంకా రెండేళ్లుందిగా? వెళ్లి దాంట్లో బతకవే పిచ్చిముండా. నాకు రెండు రోజులు ఇస్తానన్నా పాక్కుంటూ పోయేదాన్ని."

రోజూ పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని, ప్రొఫెసరు వస్తే అనాల్సిన మాట అని చూసుకుంటున్నాను. 'మొరెబుల్ ఇక్కడ లేదండీ.' ఆ 'లేదు' దగ్గర ఆగి మళ్లీ పొయ్యి ఊదుకుంటున్నాను. నువ్వింకా అక్కడ చేపలు ఆరేస్తుండగా, నీ ఊరు లేదని నా నోటితో ఎలా అనేది?

అందుకని అడుగుతున్నాను, కోప్పడకు. చలికాలపు కిమ్చి ఊరగాయ పెట్టే రోజుల్లో ఆయన వస్తాడు. నువ్వు రా. బస్సు వాగు దాకానే వస్తుంది, అక్కడ లారీ ఆపి 'మొరెబుల్లో దింపు' అను, ఎవరైనా తెచ్చి మా వాకిట్లోనే దింపుతారు. అలా దిగిన నువ్వు ఆయన ముందు నిలబడి, 'మొరెబుల్ మా ఊరు నాయనా, అక్కడ ఇసుక తప్ప రాయి లేదు, ఇది నా కూతురి కాపురం' అని చెప్పు. నువ్వంటే ఆయన కొట్టేస్తాడు. నువ్వు కొట్టించిన పేరైతే నేను ఓర్చుకోగలను. తిరిగి వెళ్లేటప్పుడు మా ముగ్గురినీ తీసుకుపో. అత్తయ్య జాడీలు రెండే ఉన్నాయి, ఒళ్లో పెట్టుకుంటానంటోంది.

వచ్చాక అందరి ముందూ నన్ను ఒకసారి పేరు పెట్టి పిలువమ్మా. పద్నాలుగేళ్లుగా ఎవరూ పిలవలేదు. గుమ్‌సిల్‌కు కూడా ఆ పేరు తెలియదు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
ఒక్‌బున్